వెనిగర్ ఘాటు

మోలో ఊళ్ళో క్రిస్పినా లోలా ఇంటి నేల ఎంత నున్నగా ఉండేదంటే, కొత్తగా వచ్చినవాళ్ళు గడప దాటి ఒక అడుగు వేయగానే జారి గోడ పట్టుకునేవారు. ఆ నునుపంతా అదెల్ఫా కాళ్ళ చలవ. సగానికి కోసిన కొబ్బరి డొక్కను పీచు కిందికి వచ్చేలా బోర్లించి, దాని మీద ఒక పాదం ఆనించి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె ఆ వెడల్పాటి చెక్కలను తోముతూ వచ్చింది. తర్వాత పొయ్యి సెగకు వాడ్చిన అరటాకు పెట్టి రుద్దేది. ఆకులోని మైనం చెక్కలోకి ఇంకి, సాయంత్రం ఎండ కిటికీలోంచి పడితే నేల తేనె రంగులో మెరిసేది.

ఆ విద్య తల్లి నుంచి వచ్చింది. జలసంధి అవతల గిమరాస్ ద్వీపంలో ఆ తల్లి పదిళ్ళలో పాచిపని చేసి పిల్లల్ని సాకింది. కొని తెచ్చే సబ్బుల ఊసే ఎరగదు. గిన్నెలకు పొయ్యిలో బూడిద. కత్తులకు ఉప్పు అద్దిన కలమాన్సీ నిమ్మచెక్క. ఇత్తడి కొవ్వొత్తి స్తంభాలకు చింతపండు. గాజు గ్లాసులకు బియ్యం కడిగిన నీళ్ళు. ఇక మిగతా అన్నిటికీ కొబ్బరికల్లు పులిస్తే తయారయ్యే వెనిగర్. ఇరవై అయిదేళ్ళప్పుడు పడవెక్కి మోలోకి పనికొచ్చిన అదెల్ఫా, బట్టల సంచీతో పాటు రెండు వెనిగర్ సీసాలు కూడా తెచ్చుకుంది.

అయితే ఆమె అసలు పనిముట్టు ముక్కు. దిండు మీద ముఖం ఆనించి బూజు మొదలైందో లేదో చెప్పేది. బీరువా తలుపు తీసి, "వెనకాల బొద్దింక గుడ్లు పెట్టింది" అనేది. బట్టలన్నీ తీసి చూస్తే పెట్టే ఉండేది. వెనిగర్ సీసా మూత తీస్తే అది ఎన్ని నెలలదో చెప్పగలిగేది.

"నిన్ను పోలీసోళ్ళకి అద్దెకిచ్చెయ్యాలే. వాళ్ళకి కుక్కల మేత మిగుల్తుంది," అనేది క్రిస్పినా లోలా.

లోలా అంటే అమ్మమ్మో నానమ్మో. ఎనభై మూడేళ్ళ ఆవిడను వీధివీధంతా అలాగే పిలిచేది. పక్షవాతం వచ్చాక కాళ్ళు రెండూ పడిపోయాయి గానీ నాలుకకు మాత్రం ఏమీ కాలేదు. తెల్లారి కాఫీ మొదలు స్నానం, పక్క మార్చడం దాకా అన్నీ అదెల్ఫా చేతుల మీదే నడిచేవి.

మహమ్మారి వచ్చిన రెండో ఏడు లోలా ఒక్కగానొక్క కొడుకు హెర్నానీ మనీలాలో ఆసుపత్రిలో పోయాడు. శవాన్ని కూడా చూడనివ్వలేదు. మూసిన డబ్బాలో బూడిద వచ్చింది. ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని ఓడలో వచ్చిన హెర్నానీ కూతురు రొవేనా మళ్ళీ మనీలా వెళ్ళలేదు. పై అంతస్తులో ఒక గది తీసుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని, అక్కడి నుంచే ఉద్యోగం చేసుకోసాగింది.

ఆ తర్వాత మూడు వారాలకు అదెల్ఫాకు జ్వరం తగిలింది. పెరటి గదిలో తొమ్మిది రోజులు ఒంటరిగా పడి ఉంది. రొవేనా గుమ్మం బయట గంజి పెట్టి, తలుపు తట్టి, పరుగెత్తి వెళ్ళిపోయేది. పదో రోజు జ్వరం వదిలింది. కాళ్ళు వణుకుతున్నా వంటింట్లోకి వచ్చి, నూనె కాగబెట్టి, వెల్లుల్లి చిదిమి వేసింది. నూనెలో వెల్లుల్లి చిటపటలాడింది. అంచులు ఎర్రబడ్డాయి. వాసన లేదు.

జలుబేమో అనుకుంది. గరిట ముక్కు దగ్గర పెట్టుకుంది. లేదు. కిటికీ పక్కన మిరపకాయలు, వెల్లుల్లి, అల్లం వేసి ఊరబెట్టిన వెనిగర్ జాడీ ఉంటే, దాని మూత తీసి లోపలికి ముక్కు దూర్చి గట్టిగా పీల్చింది. ముక్కు లోపల సూదులతో గుచ్చినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ వాసన లేదు, ఒట్టి ఘాటు. వెల్లుల్లి ఏదో అల్లం ఏదో తేడా లేకుండా అంతా ఒకటే మంట. వెనక్కి తిరిగి చూస్తే వెల్లుల్లి నల్లగా మాడిపోయి ఉంది. అది మాడుతున్నప్పుడు ఆమె పక్కనే నిలబడి ఉంది.

భయం మొదలైంది అప్పుడే.

ఎవరితోనూ చెప్పలేదు. చెప్పకపోవడానికి ఒక కారణం ఉంది. తనకు ముందు నుంచీ ఆ ఇంట్లో లుమింగ్ అని ఒక వంటమనిషి ఉండేది. కళ్ళు మసకబారి ఒకరోజు ఉప్పనుకుని చక్కెర వేసింది. ఎవరూ తిట్టలేదు. లోలా ఆమెకు కొత్త బట్టలు పెట్టి, కళ్ళు తుడుచుకుని, మర్యాదగా బండెక్కించి ఊరికి పంపేసింది. ఆ బండి మలుపు తిరిగేదాకా లుమింగ్ వెనక్కి చూస్తూనే ఉండటం అదెల్ఫా కళ్ళారా చూసింది. తననూ అంతే మర్యాదగా పంపేస్తారు. గిమరాస్‌లో తమ్ముడి ఇల్లు ఉంది. అందులో తొమ్మిది మంది ఉన్నారు.

అందుకని ముక్కు చేసే పనులన్నీ కళ్ళకూ చేతులకూ అప్పజెప్పింది. అన్నం కుండ పొయ్యి మీద ఉన్నంతసేపూ అక్కడి నుంచి కదిలేది కాదు. చేప తెస్తే మొప్పలు విప్పి చూసి, కన్ను నొక్కి చూసి, అయినా నమ్మకం కుదరక మొదటి ముక్క తనే తిని గంటసేపు ఆగేది. లోలా పక్కబట్టల మీద అరచెయ్యి ఆనించి తడి ఉందేమో వెతికేది. తన ఒంటి మీద చెమట వాసన వస్తుందేమోనని రోజుకు మూడుసార్లు స్నానం చేసేది. శుభ్రం చేసే పనిలో మాత్రం వెనిగర్ ఎక్కువ వాడటం మొదలుపెట్టింది. ఆ ఘాటు ఒక్కటే ఆమెకు తెలిసేది. అది ముక్కులో గుచ్చుకుంటే ఇల్లు శుభ్రపడినట్టు ధైర్యంగా ఉండేది.

రొవేనాకు ఉన్నది ఇంకో భయం. తండ్రిని మింగిన జబ్బు తలుపు గొళ్ళెం మీద, కుళాయి మీద, పేపరు మీద కూర్చుని ఉందని ఆ పిల్లకు అనుమానం. బ్లీచింగ్ నీళ్ళు పెద్ద పెద్ద డబ్బాలలో తెప్పించేది. మెట్ల కటకటాలు కూడా వాటితోనే తుడిచేది.

"మనాంగ్, ఇది ఇల్లా, పచ్చడి జాడీయా?" అంది ఒకరోజు భోజనాల దగ్గర. మనాంగ్ అంటే అక్క. "ఆఫీసు మీటింగులో కూర్చుంటే నా జుట్టంతా వెనిగర్ కంపే!"

"కంప్యూటర్లోంచి వాళ్ళకి వాసనొస్తుందేంటమ్మాయ్?"

"వెనిగర్‌తో క్రిములు చావవు. బ్లీచింగ్ అయితేనే చస్తాయి."

"బ్లీచింగ్‌తో నేల కూడా చస్తుంది. ఆ మెట్టు చూడు, తెల్లగా బొల్లి పట్టిన చర్మంలా ఎలా తయారైందో."

లోలా చెంచా బల్లకేసి కొట్టింది. "ఆపండే ఇద్దరూ! ఇది ముప్పై ఏళ్ళుగా నన్ను వెనిగర్‌లో ఊరేస్తోంది కాబట్టే ఇన్నాళ్ళూ నిలవున్నాను. నన్ను మాత్రం తెల్లగా చెయ్యకండి, శవంలా కనబడతాను."

నవ్వుకున్నారు. అదెల్ఫా కూడా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే, రొవేనా చేతుల్లోంచి బ్లీచింగ్ వాసన తనకు రావటం లేదన్న సంగతి గుర్తొచ్చింది.

జ్వరం వచ్చిన రెండేళ్ళకు, ఏప్రిల్‌లో ఒక పొద్దున పొయ్యి ముందు నిలబడి అగ్గిపుల్ల గీయబోతోంది. "గ్యాస్! మనాంగ్, గ్యాస్!" అని అరుస్తూ రొవేనా మెట్లు దిగి దూకినంత పని చేసింది. వచ్చి ఆమె చేతిలోని అగ్గిపెట్టెను లాగి పెరట్లోకి విసిరేసింది. రెండో పొయ్యి మర సగం తిరిగి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. పై గదిలోకి కూడా వాసన వచ్చిందట.

"నీకు తెలీలేదా?" రొవేనా ముఖం పాలిపోయింది.

"జలుబమ్మాయ్. ముక్కు దిబ్బడేసింది."

ఆ తర్వాత నుంచి మరలు కట్టేశాక వాటిని ఒక్కొక్కటే వేలితో తాకి లెక్కపెట్టుకునేది. మెట్ల దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి తాకేది. చెప్పేద్దామని రెండుసార్లు లోలా మంచం దాకా వెళ్ళింది. మొదటిసారి లోలా నిద్రపోతోంది. రెండోసారి మెలకువగానే ఉంది. "ఏమే, ఏదో నోట్లో పెట్టుకుని నములుతున్నావు?" అని అడిగింది కూడా. దిండు గలీబు మారుద్దామని వచ్చానంది.

జులైలో నైరుతి ముసురు పట్టింది. మూడు రోజులుగా వాన ఆగలేదు. ఇంట్లో ప్రతి తలుపూ నీరు పీల్చుకుని ఉబ్బి, మూస్తే తెరుచుకోక, తెరిస్తే మూసుకోక ఏడిపిస్తున్నాయి. కింది అంతస్తులోని స్నానాల గదిలో ఒక మూల నల్లటి బూజు పుట్టింది. మధ్యాహ్నం భోజనం అయ్యాక రొవేనా అది చూసి, బకెట్‌లో జానెడు బ్లీచింగ్ నీళ్ళు పోసి, తుడిచే గుడ్డ అంచు అందులో ముంచి పెట్టింది. అంతలో ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. అయిదు నిమిషాల్లో వచ్చి తోముదామనుకుని పైకి పరుగెత్తింది. ఆ అయిదు నిమిషాలు ముప్పావుగంట అయ్యాయి.

అదెల్ఫా లోలాను ఎత్తి తెచ్చి స్నానాల గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. వానగాలికి ముసలావిడ వణుకుతుంటే కిటికీ రెక్కలు దించేసింది. తలుపును భుజంతో తోసి మూసింది. వేడినీళ్ళ కుండ దగ్గర పెట్టుకుంది. మూలనున్న బకెట్ చూసింది. పొద్దున తను సగం నీళ్ళతో వదిలేసినదే అనుకుంది. బావినీళ్ళకు నేలగచ్చు మీద తెల్లటి పొరలు కట్టి ఉన్నాయి. స్నానం అయ్యేలోగా నానుతుంది కదా అని, తమ్ముడు గిమరాస్ నుంచి పంపిన కొత్త సీసా తీసి, సగం సీసా వెనిగర్ ఆ బకెట్‌లో ఒంపి, కొంత గోడ వారగా గచ్చు మీద కుమ్మరించింది.

తర్వాత చెంబుతో వేడినీళ్ళు లోలా భుజాల మీద పోసింది. రెండో చెంబు పోస్తుండగా ముక్కులో గుచ్చుకుంది. కళ్ళు మండాయి. కొత్త వెనిగర్ బాగా పదునుగా ఉంది, తమ్ముడు బాగా ఊరనిచ్చాడు అనుకుంది.

లోలా తల తిప్పింది. "ఏంటే ఆ కంపు?"

"వెనిగరే లోలా."

"వెనిగర్ నాకు తెలీదా? ఇది వేరే ఏదో. ముక్కు పొడుస్తోంది."

తనకు తెలియదని ఒక్క మాట చెప్పాల్సిన క్షణం అదే. అదెల్ఫా చెప్పలేదు. రెండేళ్ళుగా అలవాటైన అబద్ధం ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది.

"నేను వాసన చూశానుగా. వెనిగరే. కొత్త సీసా, అందుకే ఘాటు."

లోలా నమ్మింది. ఆ ఇంట్లో వాసన గురించి అదెల్ఫా చెబితే ఎవరైనా నమ్మేవాళ్ళే. ఇంకో చెంబు పోయించుకుంది. దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఈసారి దగ్గు ఆగలేదు. ఒక దగ్గు పూర్తికాకముందే ఇంకో దగ్గు తోసుకొచ్చింది. నోరు తెరిచి గాలి పీలుస్తుంటే లోపల ఈల వేసినట్టు చప్పుడైంది. వీపు రాద్దామని వంగిన అదెల్ఫా గొంతు ఎవరో పిడికిట్లో పట్టి నులిమినట్టు బిగుసుకుంది. నేలకు దగ్గరగా వంగినకొద్దీ మంట ఎక్కువైంది.

ఆ వంగడంలోనే ఆమెకు బకెట్ అంచున వేలాడుతున్న గుడ్డ కనిపించింది. అది పచ్చటి గుడ్డ. తనే పాత చొక్కా చింపి చేసింది. నీళ్ళలో మునిగిన సగం తెల్లగా పాలిపోయి ఉంది.

బ్లీచింగ్.

తలుపు పట్టుకుని లాగింది. రాలేదు. మూడు రోజుల వాన తాగిన తలుపు చట్రంలో దిగబడి ఉంది. ఊపిరి బిగబట్టి, గోడకు కాలు తన్నిపెట్టి, రెండు చేతులతో గడియ పట్టుకుని లాగింది. చెక్క కిర్రుమంది గానీ కదల్లేదు. వెనక లోలా దగ్గు సన్నబడుతోంది. ఆ సన్నబడటానికే ఆమెకు దగ్గు కంటే ఎక్కువ భయం వేసింది. "రొవేనా!" అని అరుద్దామనుకుంటే గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. మళ్ళీ లాగింది. గడియ మేకులు సగం ఊడి అరచెయ్యి చీరుకుంది. తలుపు ఒక్కసారిగా ఊడివచ్చి ఆమె వెల్లకిలా పడింది.

లేచి లోలా చంకల కింద చేతులు వేసి ఎత్తింది. ముసలావిడ ఒంటి మీద నీళ్ళు. చేతులు జారిపోతున్నాయి. ఎత్తింది, ఈడ్చింది, గడప దగ్గర ఇద్దరూ కూలబడ్డారు, మళ్ళీ ఎత్తింది. వంటిల్లు దాటి, పెరటి తలుపు దాటి, చూరు కింద గాలి తగిలేచోట దింపింది. లోలా పెదవుల చుట్టూ నీలం కమ్మి ఉంది.

రొవేనా అప్పుడే మెట్లు దిగి వచ్చింది. సగం తెరిచిన స్నానాల గదిని, చూరు కింద ఒంటిమీద గుడ్డలేని నానమ్మను చూసింది. ఏమీ అర్థంకాక తువ్వాలు కోసం లోపలికి వెళ్ళబోయింది. అదెల్ఫా పాకుతూ వెళ్ళి ఆ పిల్ల మడమ పట్టుకుంది.

"వెళ్ళకు! అందులో వెనిగర్ పోశాను. వెళితే చస్తావు!"

రొవేనా నిలబడిపోయింది. ఒక్క క్షణంలో ఆమెకు మొత్తం తెలిసిపోయింది. "అయ్యో దేవుడా, నేనే పెట్టా ఆ బకెట్, నేనే పెట్టా," అంటూ రెండు చేతులతో తల కొట్టుకుంది.

"తర్వాత ఏడుద్దువు గానీ బండి పిలువు!"

పక్కింటి బెర్తింగ్ తన మూడు చక్రాల బండి తీశాడు. లోలాను బల్ల మీద దుప్పటిలో చుట్టి, తల అదెల్ఫా ఒళ్ళో పెట్టారు. వాన బండి లోపలికి కొడుతోంది. దారిపొడవునా అదెల్ఫా లోలా ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని, వేళ్ళకు వెచ్చటి గాలి తగులుతోందా లేదా అని చూస్తూనే ఉంది. తగిలిన ప్రతిసారీ ఒక జపమాల పూస జరిపినట్టు మరియమ్మ పేరు తలుచుకుంది. ఒకచోట బండి గుంటలో పడి ఎగిరినప్పుడు ఆ గాలి తగల్లేదు. ఎంతసేపో తెలియదు. తర్వాత మళ్ళీ తగిలింది.

ఆసుపత్రిలో లోలా ముఖానికి ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు కుర్రవాడు, కళ్ళద్దాల వెనక అలసిపోయి ఉన్నాడు. ఏం జరిగిందని అడిగాడు. రొవేనా బ్లీచింగ్ అంది. అదెల్ఫా వెనిగర్ అంది. అతను రాసుకోవడం ఆపి తలెత్తాడు.

"రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. తలుపులు మూసి ఉన్నాయా?"

"ఉన్నాయి."

"ఎంతసేపు ఉన్నారు లోపల?"

"నాలుగైదు నిమిషాలు."

"అంతసేపా? ఆ వాసన రాగానే ఎవరైనా పరుగెత్తుతారే. నీకు తెలీలేదా?"

రొవేనా ఆమె వైపు చూసింది. మంచం మీద లోలా కూడా కళ్ళు తిప్పి చూసింది. ఆక్సిజన్ గొట్టం బుసబుసమంటోంది.

"నాకు వాసన రాదు బాబూ," అంది అదెల్ఫా. గొంతు బొంగురుపోయి మాట సరిగా వినపడలేదు. అతను మళ్ళీ అడిగాడు. ఈసారి కాస్త గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "వాసన రాదు. ఆ జ్వరం వచ్చిందగ్గర్నుంచీ లేదు. ఘాటు ఒక్కటే తెలుస్తుంది. ఎవరికీ చెప్పలేదు."

లోలా కళ్ళు మూసుకుంది.

రేపటి దాకా ఏమీ చెప్పలేమన్నాడు డాక్టరు. ఇప్పుడు బాగానే ఉన్నా ఊపిరితిత్తుల్లో ఆలస్యంగా నీరు చేరవచ్చట. వయసు కూడా ఎక్కువ. అదెల్ఫాకు కూడా మందు పొగ పట్టించి, చేతికి కట్టు కట్టి, వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. ఒక నర్సు లోపలికి వెళ్తే ప్రాణం పోయేది, బయటికి వస్తే ఇంకా పోయేది. రొవేనా వచ్చి పక్కన కూర్చుంది.

"గ్యాస్ లీకైన రోజు..." అంది.

"జలుబు కాదు."

"నాకు చెప్తే ఏమయ్యేది మనాంగ్? నేను బకెట్ అలా వదిలేదాన్నా?"

అదెల్ఫా చేతికున్న కట్టును సర్దుకుంది. రొవేనానే మళ్ళీ అంది, "నాన్న పోయాక నాకు ప్రతి వస్తువూ భయమే. ఆ భయంతోటే అవన్నీ తెప్పించా. ఇప్పుడు నానమ్మని కూడా నేనే..." మాట పూర్తి కాలేదు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోలేదు. పక్కపక్కనే కూర్చుని, ఆ తలుపు వైపు చూస్తూ ఉన్నారు.

మర్నాడు మధ్యాహ్నానికి గండం గడిచిందన్నారు. ఆరో రోజున లోలా ఇంటికి వచ్చింది. గొంతు మాత్రం రంపపుకోతలా మారిపోయింది. అంత మాటకారి, అదెల్ఫాతో ఒక్క మాట మాట్లాడలేదు. గంజి తాగించినా, పక్క మార్చినా కిటికీ వైపు చూస్తూ ఉండేది. నాలుగు రోజులు అలా గడిచాక అదెల్ఫా బట్టలు సంచీలో సర్దుకుని, మంచం పక్కన వచ్చి నిలబడింది.

"వెళ్తాను లోలా. పొద్దున పడవకి."

లోలా అప్పుడు తిరిగింది. "వాసన చూశానన్నావు."

"అన్నాను."

"నేను వేరే ఏదో అంటే, నేను వాసన చూశాను, వెనిగరే అన్నావు. నా ముక్కుని నమ్మకుండా నీ మాట నమ్మానే నేను. ముప్పై ఏళ్ళు నీ మాట నమ్మి ఏం పెడితే అది తిన్నాను." దగ్గు వచ్చింది. దగ్గి, ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "ఊపిరాడకపోవడం కాదే నన్ను బాధపెట్టింది. అదీ."

"పంపేస్తారని భయమేసింది. లుమింగ్‌లాగా."

లుమింగ్ పేరు ఆ ఇంట్లో పలికి ఎన్నో ఏళ్ళైంది. ముసలావిడ దుప్పటి అంచు వేళ్ళతో మడిచింది, విప్పింది.

"నేను దాన్ని పంపించాననే కదా నీ భయం," అంది చివరికి, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "వెళ్ళి కాఫీ పెట్టు. ఆ సంచీ నా కళ్ళ ముందు నుంచి తియ్యి, చూడలేకపోతున్నా."

కాఫీ తెచ్చాక కప్పు అదెల్ఫా ముక్కు దగ్గర పెట్టించింది. "ఏమొస్తోంది?"

"వేడి తగుల్తోంది."

"వాసన?"

"ఏమీ లేదు లోలా."

రెండేళ్ళలో ఆ ప్రశ్న ఆమెను అడిగినవాళ్ళు లేరు. జవాబు చెప్పినందుకు ఏడుపొచ్చింది. లోలా ఓదార్చలేదు. కాఫీ తాగుతూ, చక్కెర ఎక్కువైందని మాత్రం అంది.

ఆ ఇంట్లో పద్ధతులు మారాయి. రొవేనా బ్లీచింగ్ పారేయలేదు గానీ దానికి తాళం వేసిన అర ఒకటి పెట్టింది. అది వాడే రోజు బుధవారం అని గోడ మీద రాసింది. బుధవారం నాడు అదెల్ఫా వెనిగర్ సీసా ముట్టదు. పొయ్యి దగ్గర గ్యాస్ కనిపెట్టే చిన్న గంట బిగించారు. చేప వస్తే లోలా మంచం దగ్గరికి తీసుకెళ్ళేవారు. ఆవిడ ముఖం చిట్లించి, "నిన్నటిది. తిప్పి పంపు" అని తీర్పు చెప్పేది. ఒక్కోసారి తాజా చేపను కూడా కావాలని తిప్పి పంపేదని రొవేనా అనుమానం.

అయినా అదెల్ఫా భయం తగ్గలేదు. రంగులేని ద్రవం ఏదైనా, తాగే నీళ్ళ గ్లాసైనా సరే, చూసినప్పుడల్లా ఆమె చెయ్యి వెనక్కి పోయేది. స్నానాల గది తలుపును బెర్తింగ్ చేత అంగుళం చిత్రిక పట్టించింది. ఎండాకాలంలో ఆ సందులోంచి లోపలున్నవాళ్ళు కనబడతారని రొవేనా గోల పెట్టినా వినలేదు. నాలుగో నెలలో ఒక పొద్దున ఆమెకు కాఫీ గింజల దగ్గర ఏదో వాసన తగిలింది. సంతోషంతో రొవేనాను కేకేసింది. అది కాలిన రబ్బరు వాసన. కాఫీ, ఉల్లిపాయ, సబ్బు మూడూ అలాగే రాసాగాయి. ముక్కు తిరిగి వస్తున్నప్పుడు అలా వంకరగా వస్తుందని డాక్టరు చెప్పాడు. మొత్తం వస్తుందని మాత్రం చెప్పలేదు.

క్రిస్పినా లోలా ఆ తర్వాత ఏడాదిన్నర బతికింది. ఒక ఆదివారం పొద్దున, కాఫీ కోసం ఎదురుచూస్తూ కిటికీ దగ్గరే పోయింది. డాక్టరు వయసు అన్నాడు. అదెల్ఫాకు ఆ మాట సగమే నమ్మకం, మిగతా సగం ఆ రోజు పీల్చిన విషవాయువే అనుకునేది. ఆ విషయం చర్చి ఫాదర్ దగ్గర చెప్పుకుంది, రొవేనా దగ్గర చెప్పుకుంది. ఇద్దరూ కాదన్నారు. ఆమె తల ఊపింది.

ఇప్పుడు ఆమె రొవేనాతోనే ఆ ఇంట్లోనే ఉంది. వీధిలో ఎవరికైనా ఇత్తడి నల్లబడినా, అద్దం మసకబారినా ఆమెను పిలుస్తారు. మొన్న వానల్లో, మూడిళ్ళవతల కొత్తగా కాపురం పెట్టిన మారివిక్ అనే అమ్మాయి స్నానాల గది గచ్చు చూపించి, వెనిగర్ ఎంత పోయాలో చెప్పమంది. అదెల్ఫా గడప దగ్గరే ఆగిపోయింది. ఇంట్లో ఉన్న సీసాలన్నీ తెచ్చి బయట పెట్టమంది. ఒక్కొక్కదాని చీటీ చదివించుకుంది. నిన్న ఏం పోశావు, మొన్న ఏం పోశావు అని అడిగింది. ఉన్న బకెట్ నీళ్ళు కాలవలో పారబోయించి, నేలను మూడుసార్లు మామూలు నీళ్ళతో కడిగించింది. మారివిక్ మొదట నవ్వింది. తర్వాత ముసలామె గడప దాటకుండా నిలబడే ఉండటం చూసి నవ్వు ఆపింది.

అప్పుడు అదెల్ఫా లోపలికి వెళ్ళి కిటికీ బార్లా తెరిచింది. జల్లు లోపలికి కొట్టి తెర తడిసిపోతోంది. మారివిక్ వచ్చి రెక్క మూయబోయింది.

"కొత్త తెరలు మనాంగ్, తడుస్తున్నాయి."

"తడిస్తే ఆరతాయి. తియ్యమ్మా, తీసే ఉంచు," అంది అదెల్ఫా.